అప్‌డేట్: డాలర్లను రూపాయల్లోకి మార్చే ఫార్ములా ఎర్రర్ పోయింది

నరసాపురంలో మా లేసు ఆర్డర్ల లెక్క గూగుల్ షీట్స్‌లో రాస్తాను. బిల్లు తేదీ నాటి డాలర్ రేటు కోసం గూగుల్‌ఫైనాన్స్ ఫార్ములా పెడితే వరసగా రెఫ్ (#REF!) ఎర్రర్ వస్తోందని పోయిన వారం అడిగాను. ఇప్పుడు సరిపోయిందండీ, సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు.

తేదీ ఇస్తే ఆ ఫార్ములా ఒక్క అంకెతో ఆగదట. పైన శీర్షికలు, కింద తేదీ, రేటు కలిపి నాలుగు సెల్స్ కావాలి. కింది వరసలో ఇంకో బిల్లు ఉండటంతో దానికి చోటు దొరకలేదు. ఇక్కడ చెప్పినట్టు మొత్తం ఫార్ములాను ఇండెక్స్ అనే ఇంకో ఫార్ములాలో పెట్టి చివర 2, 2 (రెండో అడ్డు వరస, రెండో నిలువు వరస) అని రాయగానే రేటొక్కటే వచ్చింది.

అయినా కొన్ని వరసలు మొండికేశాయి. షీట్ లొకేల్, అంటే తేదీలు ఏ దేశం పద్ధతిలో చదవాలో చెప్పే సెట్టింగ్, అమెరికాలో ఉంది. అక్కడ నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. అందుకే 25/3/2024 తేదీగా కాక మాటగా మిగిలిపోయింది. 5/3/2024 అయితే మే 3 అయిపోయి, ఏ ఎర్రరూ లేకుండా తప్పు రేటు చూపించింది! నన్ను బాగా టెన్షన్ పెట్టింది ఇదే. సెట్టింగ్స్‌లో లొకేల్ ఇండియాకి మార్చి, ఆ తేదీలన్నీ మళ్లీ టైప్ చేశాను. లొకేల్ మార్చినంత మాత్రాన పాత తేదీలు వాటంతటవే సరికావు.

బ్రౌజర్ మార్చడం, సెల్‌కి రూపాయి గుర్తు పెట్టడం వల్ల ఏ తేడా రాలేదు.