“చూడ చూడ రుచుల జాడ”: ఇక్కడ చూడటం కంటితోనా, నాలుకతోనా?

గుంటూరు అక్క: మా తమ్ముడికి మెదడులో నాలుగు సెంటీమీటర్ల మచ్చ కనబడి, కణితే అనుకుని ఇల్లంతా టెన్షన్ పడ్డాం. న్యూరాలజిస్టు మాత్రం “ఇది మల్టిపుల్ స్క్లిరోసిస్ (ఎమ్మెస్) కావచ్చమ్మా, నరాల పైతొడుగు దెబ్బతినే జబ్బు. అందులో కణితిలా కనబడే అరుదైన రకం ఒకటుంది” అని, వేమన పద్యం “ఉప్పు కప్పురంబు” ఎత్తుకున్నారు. తమ్ముడు ఇంటికొచ్చేశాడు. నన్ను ఆ రెండో పాదం వదలట్లేదు. “జాడ వేరు”నా, “జాడ వేరయా”నా? రుచి సంగతిలో “చూడ చూడ” ఎందుకొచ్చింది?

ఛందస్సు పిచ్చోడు: “వేరు”. ఆటవెలది రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు), “వేరయా” ఇమడదు. అది మూడో పాదంలోది, పైకి పాకింది.

కడప మాస్టారు: ఆ “చూడ–జాడ”లో రెండో అక్షరం కలిసే ప్రాసయతి సొగసు కూడా చెప్పవయ్యా! ఇక అర్థమంటారా, మనం రుచి కూడా “చూస్తాం” కదా. నాలుక మీద వేసుకోమన్నాడు వేమన. కంటికి రెండూ తెలుపే.

ఎమ్మారై గది మనిషి: మా గదిలో అది తేరిపార చూడటమే మాస్టారూ. కాంట్రాస్ట్ మందు ఎక్కించాక ఈ రకం ఎమ్మెస్ మచ్చ చుట్టూ వలయం చాలాసార్లు ఒకవైపు తెగి ఉంటుంది, ఆ తెగిన వైపు మెదడు పైపొర కేసి. అంత పెద్ద మచ్చకు ఉండాల్సినంత వాపు కూడా ఉండదు.

కడప మాస్టారు: అయితే కంటితోనే తేలిపోతుందా?

ఎమ్మారై గది మనిషి: అన్నిసార్లూ తేలదు. కొందరికి బయాప్సీ తప్పదు. అదీ ఏమారుస్తుంది, కణాలు కిక్కిరిసి గ్లయోమా అనే మెదడు కణితిలా కనబడతాయి. నరాల పైతొడుగు మైలిన్ పోయి, దాన్ని మింగిన రక్షణ కణాలు, మాక్రోఫేజ్‌లు కనబడితే అప్పుడు దారికొస్తుంది.

కడప మాస్టారు: ముక్క తీయడమంటే రుచి చూడటమేగా! నా మాటే నెగ్గింది.

డల్లాస్ కోడలు: స్టీరాయిడ్ ఇచ్చి, తగ్గితే ఎమ్మెస్ అనుకోకూడదా?

ఎమ్మారై గది మనిషి: లింఫోమా అనే క్యాన్సర్ కూడా స్టీరాయిడ్‌కి కరుగుతుందండీ. ముందే ఇచ్చేస్తే తర్వాత బయాప్సీలో ఏమీ దొరక్కపోవచ్చు. అందుకే కొన్నాళ్లాగి మళ్లీ స్కాన్ తీస్తారు.

డల్లాస్ కోడలు: అదే మూడో అర్థం! చూడగా చూడగా, పోనుపోను తెలుస్తుందని. “తినగ తినగ వేము తియ్యనుండు” లాగా.

కడప మాస్టారు: అక్కడ “గ” ఉందమ్మా. ఇక్కడేదీ? ఉత్త “చూడ” అంటే “చూస్తే” అనే.

ఛందస్సు పిచ్చోడు: “గ” పెడితే “చూడగ” భగణం (గురువు, రెండు లఘువులు), సూర్యగణం చెడుతుంది. “తినగ” మూడు లఘువుల నగణం కాబట్టి ఇమిడింది. వేమన “గ” మింగాడు, అర్థం మింగలేదు.

కడప మాస్టారు: వేమన మింగాడని నువ్వెలా చూశావు?

గుంటూరు అక్క: తమ్ముడికి వచ్చే నెల మళ్లీ స్కాన్. ఈలోగా ఏదో ఒకటి తేల్చండి బాబూ.

ఛందస్సు పిచ్చోడు: తేలుస్తాం అక్కా. ముందు ఆ వేము పద్యం మొదలు “అనగ ననగ”నా, “పాడగ పాడగ”నా, మాస్టారు చెప్పాలి.