‘మానవులెల్లరును’: ఈ మాటను ఎలా తిరగరాయాలి?

పర్లాకిమిడి నుంచి:
ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన తెలుగు పాఠం ఇలా మొదలవుతుంది: “ప్రతిపత్తిస్వత్వముల విషయమున మానవులెల్లరును జన్మతః స్వతంత్రులును సమానులును నగుదురు.” మా పాప తెలుగు సంఘం పోటీకి దీన్ని బట్టీ పడుతూ మొదటి మాట దగ్గరే ఆగిపోతోంది. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు మాది. పిల్లలకు ఈ గ్రాంథికం ఏం ఖర్మ? ఎవరైనా వాడుక భాషలో చెప్పండి.

బరంపురం నుంచి:
ప్రతిపత్తి అంటే గౌరవం, స్వత్వం అంటే హక్కు. “గౌరవంలోనూ హక్కుల్లోనూ మనుషులంతా పుట్టుకతోనే స్వతంత్రులు, సమానులు” అంటే సరిపోతుంది అమ్మా. ‘మనుషులంతా’ మాత్రం వదలకండి, దాని వెనక పెద్ద పేచీ నడిచింది. ఇంగ్లీషు ముసాయిదాలో మొదట ‘ఆల్ మెన్’ అనే ఉండేది. మానవ హక్కుల కమిషన్‌లో మన దేశం తరఫున కూర్చున్న హంసా మెహతా ఒప్పుకోలేదు. కొన్ని దేశాలు దాన్ని మగవాళ్లకే అని చదువుకుంటాయని ఆవిడ వాదన. అధ్యక్షురాలు ఎలినార్ రూజ్‌వెల్ట్‌కి మొదట అందులో తప్పేమీ కనపడలేదు, ‘మెన్’ అంటే అందరూ అనే కదా అన్నారు. హంసా మెహతా పట్టు వదల్లేదు. 1948 డిసెంబర్ 10న పారిస్‌లో ఆమోదం పొందేనాటికి అది ‘ఆల్ హ్యూమన్ బీయింగ్స్’ అయింది. తెలుగులో ‘మానవులు’ అంటే ఆడా మగా ఇద్దరూ కాబట్టి మనకి ఆ గొడవ జాడ కూడా తెలీదు.

రాయగడ నుంచి:
మాస్టారూ, పేరంతా ఒక్కరికే కట్టబెట్టకండి. డెన్మార్క్ నుంచి వచ్చిన బోడిల్ బెగ్‌ట్రప్ కూడా ఇదే మాట మీద పోరాడారు. ఇంకోటి, ప్రకటన అంటే ఒప్పందం కాదు, దానంతట అది దేశాలను కట్టిపడేయదు. అందుకే 1966లో రెండు ఒడంబడికలు చేశారు. మన దేశం వాటిలో చేరింది 1979లో.

బరంపురం నుంచి:
నిజమే. కానీ ఆ ఒడంబడికలు రెండూ ఈ ప్రకటనను ఆధారం చేసుకునే రాశారు కదా.

పర్లాకిమిడి నుంచి:
అయితే తర్వాతి వాక్యం చూడండి: “పరస్పరము భ్రాతృభావముతో వర్తింపవలయును.” ఇంగ్లీషులోనూ ‘బ్రదర్‌హుడ్’ అలాగే ఉండిపోయింది. మరి అక్కచెల్లెళ్లు ఏమైపోయారు? ‘తోబుట్టువుల్లా మెలగాలి’ అని రాస్తున్నాను.

రాయగడ నుంచి:
మా ఇంట్లో తోబుట్టువు అంటే ఆడపిల్లే అనుకుంటారు!

పర్లాకిమిడి నుంచి:
అనుకోనివ్వండి. హంసా మెహతా గారైతే అభ్యంతరం చెప్పరులెండి.