పెర్ల్ హార్బర్: తప్పు వార్డ్‌దా, కబురు అందుకున్నవాళ్లదా?

ప్రశ్న:
1941 డిసెంబర్ 7న హవాయి దీవుల్లోని అమెరికా నౌకాదళ రేవు పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు పడింది ఉదయం 7:55కి. అంతకు గంట ముందే, 6:45 ప్రాంతంలో, రేవు బయట గస్తీ తిరుగుతున్న అమెరికా డిస్ట్రాయర్ (వేగంగా వెళ్లే యుద్ధనౌక) వార్డ్ జపాన్‌వాళ్ల బుల్లి జలాంతర్గామిని ఒకదాన్ని ముంచింది. రేడియోలో చెప్పింది కూడా. అయినా రేవు మేల్కోలేదు. నన్నడిగితే సగం తప్పు వార్డ్‌దే. యుద్ధం వచ్చిపడిందని తెగేసి చెప్పొద్దూ?

జవాబు:
తెగేసే చెప్పారండీ. కెప్టెన్ అవుటర్‌బ్రిడ్జ్‌కి ఆ ఓడ మీద అదే తొలి గస్తీ. ముందు డెప్త్ చార్జీలు (నీళ్లలో లోతుకి దిగి పేలే బాంబులు) వేశామని మాత్రమే పంపాడు. అది చాలదనిపించి, 6:53కి "దాడి చేశాం, కాల్పులు జరిపాం, డెప్త్ చార్జీలు వేశాం" అని మళ్లీ పంపాడు. అసలు సంగతి ఆ "కాల్పులు" అన్న మాటలోనే ఉంది. డెప్త్ చార్జీ అనుమానంతోనైనా వేస్తారు, ఫిరంగి పేల్చాలంటే శత్రువు కంటికి కనబడాలి. కనబడింది కూడా, దాదాపు యాభై గజాల దూరంలో! మొదటి గుండు గురి తప్పింది. మూడో నంబరు ఫిరంగి గుండు జలాంతర్గామి పైన పొడుచుకొచ్చే టవర్ మొదట్లో దిగింది. ఇంకేం చెప్పాలి?

ప్రశ్న అడిగినవారు:
కానీ అంతకుముందు ఉత్తుత్తి జలాంతర్గాముల కబుర్లు బోలెడు వచ్చాయి. రూఢి చేసుకుందామనుకోవడం తప్పా?

జవాబు:
రూఢి చేసుకోండి, కాదనను. మొనాగన్ అనే డిస్ట్రాయర్‌ని సాయానికి వెళ్లమన్నారు కూడా. కానీ కబురు డ్యూటీ ఆఫీసర్ చేతికి వచ్చేసరికే 7:12. ఆ తర్వాత ఒకరికొకరు ఫోన్లు. అనుమానం తీరేదాకా రేవు మొత్తాన్ని అప్రమత్తం చేయకుండా కూర్చోవడం నాకు మింగుడుపడదు. 2002 ఆగస్టులో ఆ జలాంతర్గామి దాదాపు 400 మీటర్ల లోతున దొరికింది. టవర్ మొదట్లో గుండు కన్నం అలాగే ఉంది. వార్డ్ మనుషులు అరవై ఏళ్లుగా చెబుతున్నది అక్షరాలా నిజం.

1918లో పని మొదలెట్టిన పదిహేడున్నర రోజులకే నీళ్లలోకి దింపిన పాత ఓడ వార్డ్. 1944లో, సరిగ్గా అదే డిసెంబర్ 7న, ఫిలిప్పీన్స్‌లోని ఓర్మోక్ అఖాతంలో జపాన్‌వాళ్ల కామికాజే (ఆత్మాహుతి) విమానం గుద్ది తగలబడిపోయింది. ఇక కాపాడలేమని తేలాక దాన్ని ముంచే పని ఓబ్రియెన్ అనే డిస్ట్రాయర్‌కి పడింది. అప్పుడు ఓబ్రియెన్ కెప్టెన్ ఎవరో తెలుసా? అవుటర్‌బ్రిడ్జే.