ఒక్కో ఫ్లైటుకు లాభనష్టం ఎట్లా కట్టాలి?

పాలమూరు_వాసి:
మన జిల్లాకు ఎయిర్‌పోర్టు అన్న మాట ఏళ్లుగా వింటున్నాం. కడితే మాత్రం విమానాలు నిలుస్తాయా? ఉడాన్ (చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్రం పథకం) మొదటి మూడు విడతల్లో ఇచ్చిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదని 2023లో కాగ్ చెప్పింది. ఫ్లైటు ఫ్లైటుకూ లెక్క తీసి, నష్టమొచ్చేది ఆపేయడమే సరైన పద్ధతి అంటాను.

మూసీ_గట్టు (నల్లగొండ):
ఒప్పుకోను అన్నా. నష్టం అంటే ఏ ఖర్చు తీసేస్తే వచ్చిన నష్టం? ఇంధనం, ల్యాండింగ్ ఛార్జీ, గ్రౌండ్ హ్యాండ్లింగ్, ఈ ఖర్చులు ఫ్లైటు ఆపితే తప్పుతాయి. లీజు అద్దె, పైలట్ల జీతాలు, హెడ్డాఫీసు ఖర్చు ఆపినా ఆగవు. వాటిని కూడా గంటల లెక్కన పంచి ఈ ఫ్లైటు నెత్తిన పెట్టి ఆపేస్తే, ఆ భారం మిగతా వాటి మీద పడి, నిన్నటిదాకా లాభంలో ఉన్న ఇంకోటి నష్టంలోకి పోతుంది. పల్లె బస్సుకు ఈపీకే (కిలోమీటరుకు వచ్చే రాబడి) తక్కువని ఆర్టీసీ తీసేస్తే, ఆ ఊరి జనం నల్లగొండకొచ్చి హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కడం కూడా తగ్గదా? 2017లో ఉడాన్ కింద మొదలైన కడప–హైదరాబాద్ రూటే తీసుకో. అందులో వచ్చి హైదరాబాద్‌లో ఫ్లైటు మారి ఢిల్లీ పోయేవాళ్ల టికెట్టును కిలోమీటర్ల చొప్పున పంచితే కడప ముక్కకు దక్కేది చిల్లరే.

పాలమూరు_వాసి:
అట్లయితే టికెట్టంతా కడప ఫ్లైటుకే రాస్తావా? ఢిల్లీ ఫ్లైటుకూ అదే రాస్తారు. కాగితం మీద అన్నీ లాభాలే, కంపెనీ మాత్రం మునుగుతుంది.

మూసీ_గట్టు:
రెండుసార్లు రాయమనలేదు. కడప ఫ్లైటు లేకపోతే కంపెనీ మొత్తం రాబడిలో ఎంత పోతుంది, అది చూడమంటున్నా. ఢిల్లీ ఫ్లైటులో సీట్లు మిగిలే రోజైతే ఆ టికెట్టంతా కడప తెచ్చిన డబ్బే. నిండిపోయే రోజైతే ఆ సీట్లో హైదరాబాద్ మనిషి ఎక్కేవాడు, అతనిచ్చే ఛార్జీ తీసేయాలి.

శంషాబాద్_రోడ్డు:
గడువు సంగతి ఇద్దరూ వదిలేశారు. రేపటి ఫ్లైటు ఆపాలా అన్నప్పుడు లీజు లెక్కలోకి రాదు. అక్టోబర్ ఆఖరి ఆదివారం మొదలయ్యే శీతాకాలం షెడ్యూలు వేసేటప్పుడు మాత్రం అదే విమానం ఇంకో రూటులో తిరిగితే ఎంత తెస్తుందో చూడాల్సిందే. లీజు పొడిగించాలా అన్నప్పుడు ప్రతి రూపాయీ లెక్కే. ఇక మూసీ తమ్ముడి పద్ధతిలోనే చూసినా పాలమూరు రూటు నిలవదు. ఇక్కడివాళ్లు ఎట్లాగూ కారెక్కి గంటన్నరలో శంషాబాద్ పోయి అదే ఢిల్లీ ఫ్లైటు ఎక్కుతున్నారు, కొత్తగా వచ్చే డబ్బేది?

పాలమూరు_వాసి:
మరి గద్వాల వైపు వాళ్లు? వాళ్లకు శంషాబాద్ దూరమే.

శంషాబాద్_రోడ్డు:
వాళ్లకు కర్నూలు ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు దగ్గర, అది 2021లోనే మొదలైంది. ముందు అక్కడ ఎంతమంది ఎక్కుతున్నారో చూడండి.