1972లో నంబర్ వన్ పాట ఏది? బినాకా గీత్‌మాలా లెక్కని నమ్మొచ్చా?

కృష్ణాతీరం
వచ్చే నెల మా నాన్నగారి 75వ పుట్టినరోజు. ఆయన కుర్రతనంలో విన్న హిందీ పాటలు ఏడాదికొకటి చొప్పున తెర మీద వేసి వినిపిద్దామనుకుంటున్నాం. రేడియో సిలోన్‌లో వారం వారం ర్యాంకులతో హిందీ సినిమా పాటలు వినిపించిన బినాకా గీత్‌మాలా కార్యక్రమం వార్షిక జాబితాల్లో మొదటి స్థానం పాటలే తీసుకున్నాను. 1970 బిందియా చమ్‌కేగీ, 71 జిందగీ ఏక్ సఫర్ హై సుహానా, 72 దమ్ మారో దమ్, 73 యారీ హై ఈమాన్ మేరా, 74 మేరా జీవన్ కోరా కాగజ్. వీటి కింద "ఆ ఏడాది దేశంలో నంబర్ వన్" అని రాయొచ్చా? మా బాబాయి రాయొద్దంటున్నారు. ఆ లెక్క ఎలా కట్టేవారో తెలిసినవాళ్ళు చెప్పండి.

మర్ఫీమూర్తి
నిక్షేపంగా రాయండి. బుధవారం రాత్రి 8 గంటలకి రేడియో సిలోన్ పెట్టని ఇల్లు మా వీధిలో లేదు. ఆలిండియా రేడియోలో సినిమా పాటల్ని అప్పటి ప్రసార శాఖ మంత్రి కేస్కర్ గారు పక్కన పెట్టిన 1952లోనే, డిసెంబరు 3న, ఇది మొదలైంది. మొదట్లో ర్యాంకులు లేవు. ఏడు పాటలు వేసేవారు, వాటిని వరసలో పెట్టి పంపితే వంద రూపాయల బహుమతి. మొదటి వారమే 9 వేల ఉత్తరాలు వచ్చాయి. ర్యాంకులు తర్వాత వచ్చాయి. వాటికి రెండు ఆధారాలు: రికార్డు షాపుల అమ్మకాలు, శ్రోతల సంఘాల ఓట్లు. వారం వారం వచ్చిన పాయింట్లన్నీ కూడితే ఏడాది జాబితా. కార్యక్రమం నడిపిన అమీన్ సయానీ గారు నోటికొచ్చిన పాటకి పట్టం కట్టలేదు. ఇంతకంటే పద్ధతి ఏం కావాలి?

ఓరుగల్లు రాజన్న
మూర్తి సార్, "దేశంలో" అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఆ రోజుల్లో రికార్డు ఎవరు కొన్నరు? మా ఇంట్ల రికార్డు ప్లేయరే లేదు. మా మేనమామకి హనుమకొండలో మైకుసెట్టు ఉండేది. పెళ్ళిళ్ళకి, వినాయక చవితికి అద్దెకిచ్చేవాడు. రికార్డులు కొన్నది ఆయనలాంటోళ్ళు. ఒకే పాట రోజుకి ఇరవై సార్లు వేస్తే గాడి అరిగిపోయి గరగర వచ్చేది. ఒక్క పెళ్ళిళ్ళ సీజన్‌లనే అదే రికార్డు మూడుసార్లు కొన్నడు. షాపు లెక్కల అది మూడు. కొన్నది ఒక్కడు.

ఇంకోటి. అప్పటికి చిన్న 45 ఆర్పీఎం రికార్డులు వచ్చినయి. ఒక్కోదాంట్ల మూడో నాలుగో పాటలు. రికార్డు అమ్ముడైతే అందులో ఏ పాట కోసం కొన్నరో షాపాయనకి ఎట్ల తెలుస్తది?

సాయంత్రం_పాటలు
73 సంగతి కూడా చూడండి. యారీ హై పాట ఉన్న జంజీర్ సినిమా మే నెలలో విడుదలైంది. బాబీ సినిమా సెప్టెంబరు 28న. బాబీ పాటల పాయింట్లు రెండేళ్ళ జాబితాల్లోకి చీలిపోతాయి కదా. యారీ హై పాటకి అదే ఏడాదిలో ఏడు నెలలు దొరికాయి.

మర్ఫీమూర్తి
రాజన్నగారూ, 45 ఆర్పీఎం సంగతి నాకు తెలియక కాదు. అమ్మకాలు ఒక్కటే చాలవనే కదా శ్రోతల సంఘాలని పెట్టింది! బాగా ఆడే పాట రికార్డు షాపులో అయిపోతే ఆ వారం అమ్మకం సున్నా. జనం వినడం మానేసినట్టా? అందుకని ఊరూరా సంఘాల ఓట్లు తీసుకున్నారు. మీరు సగం లెక్క చూపించి మొత్తం లెక్క తప్పంటున్నారు.

బాబీ విషయం వేరు. ఆ చర్చకి ఇంకో దారం (థ్రెడ్) తెరవండి.

చికాగో సుధ
నేను పాత 45లు సేకరిస్తాను కాబట్టి ఒక మాట. డెబ్బైల మొదట్లో ఇక్కడ పెద్ద ఊళ్ళలోని పాప్ స్టేషన్లు ఎవరి జాబితా వాళ్ళు తీసేవి. చికాగోలో డబ్ల్యూఎల్ఎస్, లాస్ ఏంజెలెస్‌లో కేహెచ్‌జే, సరిహద్దు దాటితే టొరాంటోలో చమ్. వారానికో కాగితం అచ్చేసి రికార్డు షాపుల్లో ఊరికే ఇచ్చేవాళ్ళు. ఒక ఊళ్ళో మొదటి స్థానంలో ఉన్న పాట ఇంకో ఊళ్ళో ఎక్కడో కింద ఉండేది. దేశం మొత్తానికి బిల్‌బోర్డ్ పత్రిక జాబితా వేరే. అందుకే ఇక్కడి సేకరణకర్తలు "నంబర్ వన్" అని ఊరుకోరు. ఏ స్టేషన్, ఏ వారం అని తప్పకుండా రాస్తారు.

ఇక్కడి లెక్కలేమీ గంగాజలంతో కడిగినవి కావు. డబ్బు తీసుకుని పాటలు వేసిన కుంభకోణం 1959లో బయటపడింది, 1960లో చట్టం మార్చారు. ఆ తర్వాతా అనుమానాలు పోలేదు. కృష్ణాతీరం గారు "బినాకా గీత్‌మాలా వార్షిక జాబితాలో మొదటిది" అని రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

మర్ఫీమూర్తి
సుధగారూ, అమెరికాలో ఊరికి పది స్టేషన్లు. మనకి ఒక్క సిలోన్. కాశ్మీరువాడూ తెనాలివాడూ ఒకే గంట, ఒకే గొంతు విన్నారు. అది దేశం కాకపోతే మరేమిటి? షార్ట్‌వేవ్‌లో పాట సన్నబడి మళ్ళీ పైకొచ్చేలోగా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. మొదటి స్థానం ముందు బిగుల్ మోగితే మా ఇంట్లో అన్నం పళ్ళెం ముందు కూర్చున్నవాళ్ళు కూడా చెయ్యి ఆపేవారు.

వాణి
మన పాటలకి ఇలాంటి జాబితా ఒక్కటీ లేదన్నదే నా బాధ. రేడియోలో జనరంజని కార్యక్రమంలో పాట కోరినవాళ్ళ పేర్లు చదివారు, ర్యాంకులివ్వలేదు. 1971లో ఏ తెలుగు పాట ముందుందో ఎవరం చెప్పగలం?

ఓరుగల్లు రాజన్న
ఒకే గంట విన్నరు సరే. ఓటు ఎవరేసిన్రు? మా దగ్గర శ్రోతల సంఘం ఒకటుండేది. పేరెందుకు. కార్యదర్శి, ఆయన దోస్తులు ఐదుగురు హోటల్ల కూర్చుని, చాయ్ తాగుకుంట కార్డు నింపేటోళ్ళు. నా కళ్ళతో చూసిన. కింద మాత్రం ఇరవై పేర్లు రాసేది. అది దొంగ ఓటు కాదా? ఊరూరా ఇట్లనే జరిగితే మీ 72 నంబర్ వన్ ఎంత నిజం?

మర్ఫీమూర్తి
మాట తూలకండి. దొంగ ఓటు అన్నారు, అది నాకు తగిలింది. మా అన్నయ్య పదకొండేళ్ళు మా ఊరి సంఘానికి కార్యదర్శి. ప్రతి ఆదివారం అరుగు మీద చాప పరిచి, వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినే అడిగి నోటు పుస్తకంలో గీతలు గీసేవాడు. పోస్టు కార్డులకి జేబులోంచి పెట్టుకున్నాడు. రేడియో లైసెన్సు డబ్బులు పోస్టాఫీసులో కట్టడానికి ఒక ఏడాది తన వాచీ కుదువ పెట్టాడు. ఆయన పోయి నాలుగేళ్ళు. ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. మీ ఊళ్ళో ఎవరో చేసినదానికి మా అన్నయ్యని దొంగని చేస్తారా?

సాయంత్రం_పాటలు
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. పుట్టినరోజు కోసం అడిగిన ప్రశ్న ఇది.

ఓరుగల్లు రాజన్న
సార్, మీ అన్నగారిని అనలేదు. అట్ల తగిలితే తప్పు నాదే. కానీ నేనెందుకు అంత గట్టిగ మాట్లాడిన్నో చెప్త.

మేం కాజీపేట స్టేషన్ దగ్గర ఉండేటోళ్ళం. మా ఇంట్ల రేడియో లేదు. బుధవారం రాత్రి ఆ హోటల్ బయట మెట్ల మీద కూర్చుని వినేది. మా అమ్మ, పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళు కూడా వచ్చి గోడ పక్కన నిలబడేది. ఒక్క హిందీ మాట రాదు ఆమెకి. 72ల పాకీజా వచ్చింది కదా, దాంట్ల చివర రైలు కూత వినిపించే పాట ఉంది, చల్తే చల్తే. ఆ కూత రాంగనే అమ్మ మొఖం వెలిగేది. మా నాయిన రైల్వేల గ్యాంగ్‌మన్, రాత్రిళ్ళు లైన్ మీదనే ఉండేటోడు. "రైలు పాట మళ్ళ వేయమని రాయించు బిడ్డా" అని నన్ను పంపింది. నాకు పన్నెండేళ్ళు. పోయి అడిగితే ఆ కార్యదర్శి "మీ అమ్మ సంఘంల మెంబరా?" అన్నడు. అందరూ నవ్విన్రు. కార్డు మీద రాయలేదు.

లెక్క ఎట్ల కూడిన్రన్నది కాదు సార్ నా కొట్లాట. గోడ పక్కన నిలబడి విన్నోళ్ళు ఏ లెక్కల ఉన్నరు?

వాణి
మా అమ్మమ్మ కూడా వంటింట్లోంచే వినేది. ఎవరూ అడిగినట్టు గుర్తులేదు.

మర్ఫీమూర్తి
నిన్న రాత్రి మీ మాట చదివాక అన్నయ్య పుస్తకం తీశాను. 1972 పేజీలన్నీ చూశాను. వారానికి పది, పదకొండు పేర్లు ఉన్నాయి. గీతలు నిజాయితీగానే ఉన్నాయి. ఒకచోట నాదీ కొట్టేసి, "ఈ వారం రాలేదు" అని రాశాడు. కానీ ఆడవాళ్ళ పేరు ఒక్కటి లేదు రాజన్నగారూ. మా వదిన పేరు కూడా లేదు. ఆమె అదే అరుగు వెనక గదిలో కూర్చుని ప్రతి వారం విన్నది.

దమ్ మారో దమ్‌కి వచ్చిన స్థానం తప్పని మాత్రం ఒప్పుకోను. అడిగినవాళ్ళు చెప్పింది అదే. అడగనివాళ్ళ సంగతి ఇవాళ వదినకి ఫోన్ చేసి అడిగాను. "యాభై ఏళ్ళకి గుర్తొచ్చానా" అంది. ఆమె చెప్పిన పాట మా పుస్తకంలో ఎక్కడా లేదు.

కృష్ణాతీరం
అందరికీ ధన్యవాదాలు. సుధగారు చెప్పినట్టే "బినాకా గీత్‌మాలా వార్షిక జాబితాలో మొదటిది" అని వేస్తున్నాను. 72కి మాత్రం రెండు పాటలు పెడుతున్నాను. రెండోదాన్ని రైలు కూత పూర్తయ్యేదాకా ఆపను. మూర్తిగారూ, మీ వదినగారు చెప్పింది ఏ పాట?