మోటిస్‌ఫాంట్ గులాబీలు: అమ్మావాళ్లని మేలో తీసుకెళ్లాలా, జూన్‌లోనా?

తెనాలి అమ్మాయి:
అందరికీ నమస్తే. మేం ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఉంటాం. అమ్మానాన్న మే ఆఖర్లో వస్తున్నారు, జూన్ 22న తిరుగు ప్రయాణం. నాన్నకి కోటలూ మ్యూజియంలూ కావాలి. అమ్మ అడిగింది ఒక్కటే, "ఏదన్నా మంచి పూలతోట చూపించవే" అని. హాంప్‌షైర్‌లో మోటిస్‌ఫాంట్ బంగళా తోట అనుకుంటున్నాను. నాన్నేమో "కడియంలో లేని గులాబీలా? దానికి మళ్లీ టికెట్టా?" అంటున్నారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. వచ్చిన వారంలోనే వెళ్లిపోవచ్చా? ఎక్స్‌బరీ అనే ఇంకో తోట ఇంకా బాగుంటుందని ఆఫీసులో ఒకరన్నారు. కారు ఉంది.

పెరటిమొక్క:
మేలో వద్దండీ, మొగ్గలు లెక్కపెట్టుకుని రావాలి. జూన్ రెండో వారం దాటాక వెళ్లండి. అక్కడున్నవి చాలావరకు 1900కి ముందటి పాత రకాలు. గ్రాహం స్టువర్ట్ థామస్ అనే తోటల నిపుణుడు వాటన్నిటినీ సేకరించి, 1970లలో ఆ బంగళా పాత కూరగాయల తోటలో నాటించాడు. చుట్టూ ఎత్తైన ఇటుక గోడలు, అందుకే వాసన లోపలే నిలుస్తుంది. వీటిలో ఎక్కువ భాగం ఏడాదికి ఒక్కసారే పూస్తాయి, ఆ కొన్ని వారాలు పోతే మళ్లీ వచ్చే జూనే. కడియంలో మనం కొనుక్కునేవి విడతలు విడతలుగా పూస్తూనే ఉండే హైబ్రిడ్ రకాలు. మీ నాన్నగారికి ఆ తేడా చెప్పండి.

మా అత్తగారిది కూడా కడియం పక్కనే. మోటిస్‌ఫాంట్ గేటు దగ్గర ఆవిడా మీ నాన్నగారి మాటే అన్నారు. లోపల డమాస్క్ గులాబీ దగ్గర వంగి వాసన చూసి, "పెళ్లిలో పన్నీరు బుడ్డి వాసనే!" అని అక్కడే నిలబడిపోయారు. మరి పన్నీరు తీసేది ఆ జాతి నుంచేగా. మదాం హార్డీ అని తెల్లది ఒకటుంటుంది, వెతికి చూపించండి. మడతలు మడతలుగా రేకులు, సరిగ్గా నడిమధ్య చిన్న ఆకుపచ్చ బొడ్డు. రోజా ముండి గులాబీరంగు మీద తెల్ల చారలతో ఉంటుంది, ఏ రెండు పువ్వులూ ఒకలా ఉండవు. ఫొటోలు అక్కడ తీసుకోండి.

శని, ఆదివారాలు మాత్రం వద్దు. జనం, పార్కింగ్ టెన్షన్. పొద్దున్నే వెళ్తే వాసన బాగా తెలుస్తుంది. నాలుగు రోజులు వానలు కురిస్తే ఈ ముద్ద గులాబీలు విచ్చుకోకుండానే గోధుమరంగుకి తిరిగి కుళ్లిపోతాయి, కాబట్టి వాతావరణం చూసుకుని రోజు ఖాయం చేసుకోండి.

రామ్సీ బాబాయ్:
ఎక్స్‌బరీ బాగుంటుంది కానీ అది మే తోట అమ్మా. రోడోడెండ్రాన్లు, అజేలియాలు అనే పూల పొదలు ఏప్రిల్ ఆఖరు నుంచి మేలో విరగబూస్తాయి, జూన్ మధ్యకి అయిపోతాయి. విమానం దిగిన వెంటనే అయితే అక్కడికి వెళ్లండి, ఆఖరి పూలు దొరకొచ్చు. లోపల చిన్న ఆవిరి రైలు తిరుగుతుంది, మోకాళ్లకి సుఖం.

మోటిస్‌ఫాంట్‌లో కారు పార్కు నుంచి గోడల తోట దాకా కాస్త నడవాలి. ముందుగా ఫోన్ చేసి వీల్‌చైర్ సంగతి అడగండి. నాన్నగారిని బంగళాలోకి పంపండి. 1201లో స్థాపించిన క్రైస్తవ మఠం అది. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మఠాలు మూయించినప్పుడు లార్డ్ శాండిస్ దాన్ని తీసుకుని, బదులుగా ఇప్పుడు లండన్‌లో కలిసిపోయిన చెల్సీ, పాడింగ్టన్ ఊళ్లు రాజుకిచ్చేశాడట. ఇవాళ ఆ బేరం వింటే లండన్‌లో ఇల్లు కొన్నవాడెవడికైనా కళ్లు తిరుగుతాయి.

తెనాలి అమ్మాయి:
థాంక్స్ అండీ ఇద్దరికీ! చెల్సీ కథ విన్నాక నాన్న దారికొచ్చారు. జూన్ మూడో వారంలో, మామూలు రోజున వెళ్తాం. పులిహోర తీసుకెళ్లొచ్చా?

పెరటిమొక్క:
నిక్షేపంగా. గులాబీ తోటలో కాదు, బయట టెస్ట్ నది పక్క గడ్డి మీద కూర్చోండి. సున్నపురాతి నేలలోంచి ఊరే నీళ్లు కదా, అడుగున గులకరాళ్లు, ఈదే ట్రౌట్ చేపలు కూడా కనిపిస్తాయి. అమ్మగారికి శాలువా మర్చిపోవద్దు. ఇక్కడి జూన్ పగలు మన తెనాలి జనవరి తెల్లవారుజాములా ఉంటుంది.