సమస్య: సంధి కలిపినంతనె పోరు సంభవించె

నిర్వాహకుడు (నల్లగొండ): గెట్టు పంచాయితీలో రాజీ చేయబోయి ఇద్దరితోనూ తిట్లు తిన్నాను. ఇంటికొచ్చేసరికి నోట్లో ఈ పాదం ఆడుతోంది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి, రేపు రాత్రి దాకా టైముంది.

పాలమూరు పంతులు:
మాటమాటయు విడివిడి మనుచు నుండె
బడిని పంతులు జతచేసి పాఠ మనియె
ఒకడు గుణమన్న వేరొక డుత్వ మనగ
సంధి కలిపినంతనె పోరు సంభవించె

గద్వాల గడుసరి: బాగానే కొట్లాడించారు సార్. కానీ "అనియె" ద్రుతాంతం, అంటే చివర నకారం వచ్చే మాట కదా, తర్వాత "ఒకడు" ఎట్లా వచ్చింది? "నొకడు" కావాలి. సంధి మీద పద్యం రాస్తూ సంధి చేయడమే మరిచారు!

పాలమూరు పంతులు: కలిపితే పోరొస్తుందని సమస్యలోనే ఉంది తమ్ముడూ, అందుకే కలపలేదు. ముందు నీ సరుకు దించు.

గద్వాల గడుసరి:
అయిదె యూళ్లిమ్మటంచును నడిగె శౌరి
కట్టబూనెను రారాజు గర్వమునను
విశ్వరూపము జూపె నా వేళ హరియు
సంధి కలిపినంతనె పోరు సంభవించె

పాలమూరు పంతులు: కృష్ణుడు కలిపిందెక్కడ? అడిగాడు, వాళ్లు ఇవ్వలేదు. పోయిన ఉగాదికి నీ కాకి పూరణ కూడా ఇంతే. పిండం పెట్టకముందే కాకి తినేసి ఎగిరిపోయింది.

గద్వాల గడుసరి: ఆ కాకిని ఇంకా వదలరా? కౌటిల్యుడి ఆరు గుణాల్లో మొదటిది సంధి, పక్కనే విగ్రహం, అంటే పోరు. రెండూ చూసుకునే మంత్రి సాంధివిగ్రహికుడు. కల్యాణి చాళుక్యుల శాసనాల్లో కనిపిస్తాడు. మీ వ్యాకరణంలోనూ సంధి ఉంది, విగ్రహవాక్యం ఉంది. ఒకటి కలిపేది, ఒకటి విడదీసేది. ఎక్కడికి పోయినా ఆ రెండూ జంటే.

పాలమూరు పంతులు: ఈ ముక్క పద్యంలో పెట్టి ఉంటే నేనే చప్పట్లు కొట్టేవాణ్ణి.

మిర్యాలగూడ అక్క: మీరు కానివ్వండి, మధ్యలో నాదొకటి.
అన్నదమ్ముల గట్టున కడ్డు రాయి
పీకి రాజీ కుదుర్చిరి పెద్దవారు
సందు మధ్యన మిగిలె నా సందు కొరకె
సంధి కలిపినంతనె పోరు సంభవించె

నిర్వాహకుడు: అక్కా, నా పంచాయితీకి వచ్చి చూసినట్టే రాశారు! సంధికి వికృతి సందు. ప్రకృతినీ వికృతినీ ఎదురెదురుగా నిలబెట్టారు.

మిర్యాలగూడ అక్క: రాజీ మాత్రం అరబ్బీ నుంచి వచ్చింది, ఇష్టపడ్డవాడు, ఒప్పుకున్నవాడు అని అర్థం. మా తాత పెట్టెలో నిజాం కాలపు ఉర్దూ కాగితం ఒకటి దొరికింది. మడతల దగ్గర చిరిగి, మూలన సిరా ముద్ర. చదివినాయన "రాజీనామా" అనగానే తాత పటేలుగిరీ వదిలేశాడని ఇంట్లో గగ్గోలు. తీరా చూస్తే బావి నీళ్ల తగాదాలో ఒప్పందం. ఉర్దూ కచేరీ భాషలో రాజీనామా అంటే రాజీపత్రమే, మనకేమో ఉద్యోగం వదులుకోవడం.

గద్వాల గడుసరి: మాకు రాయచూరు దగ్గరే. అక్కడ కన్నడంలో రాయబారిని "రాయభారి" అని ఒత్తి పలుకుతారు. అక్కా, "కుదుర్చిరి" దగ్గర గణం తప్పలేదూ?

మిర్యాలగూడ అక్క: "రాజీ కు" తగణం, "దుర్చిరి" భగణం, రెండూ ఇక్కడ చెల్లేవే. వేళ్లు మడిచి లెక్కపెట్టుకో నాయనా.

పాలమూరు పంతులు: నాది "నొకడు" అని దిద్దేశాను. ఇక నీ కాకి సంగతి చూడు.